స్కైరిమ్‌లో సొంతిల్లు – 4వ పాఠం: బల్ల మీది గిన్నె బల్ల మీదే ఉండాలంటే

స్కైరిమ్ అనే కంప్యూటర్ గేమ్‌లో మనమే కట్టుకుంటున్న ఇంటికి పోయిన పాఠంతో గోడలు, కప్పు అయిపోయాయి. లోపలి సెల్‌ను (గేమ్ విడిగా లోడ్ చేసే చోటును) వీధి తలుపుతో కలిపేశాం. ఇక సామాను సర్దాలి. స్కైరిమ్‌ను మార్చుకోవడానికి వాడే క్రియేషన్ కిట్ సాఫ్ట్‌వేర్‌లో ఇల్లంతా ముచ్చటగా సర్దుకుని, తీరా గేమ్‌లో తలుపు తీస్తే గిన్నెలన్నీ నేల మీద దొర్లుతుండటం చూసి చాలామంది వదిలేసేది ఇక్కడే. అందుకే పాఠం మొత్తం ఈ ఒక్క విషయానికే.

ముందు కారణం తెలుసుకుందాం. ఇదే సిరీస్‌లో 2002లో వచ్చిన మోరోవిండ్‌లో వస్తువులకు ఫిజిక్స్ లేదు. కింద పెట్టె తీసేసినా పైనున్న దీపం గాల్లోనే నిలబడేది. చూడ్డానికి వింతే గానీ, ఇల్లు అలంకరించుకునేవాళ్లకు అదో వరం. 2006లో తర్వాతి గేమ్ ఆబ్లివియన్‌తో హావోక్ అనే ఫిజిక్స్ సాఫ్ట్‌వేర్ వచ్చింది. 2011లో స్కైరిమ్ కూడా దాన్నే వాడుకుంది. అప్పట్నుంచి రొట్టెముక్కకైనా బరువుంది, తగిలితే కదులుతుంది. గిన్నె అడుగు బల్లలోకి వెంట్రుకవాసి దిగి ఉన్నా సరే, సెల్ లోడ్ అవగానే ఇంజిన్ ఆ రెండింటినీ విడదీయబోయి గిన్నెను ఎగరగొడుతుంది. 2011 నాటి వెర్షన్‌లో ఫిజిక్స్ ఫ్రేమ్ రేటుతో ముడిపడి ఉంది కాబట్టి, సెకనుకు 60 ఫ్రేమ్‌లు దాటితే ఇంకా ఘోరం. మీ సర్దుడులో తప్పేమీ లేదు.

కాబట్టి ఏ వస్తువు పెట్టినా ముందు ఒకటి తేల్చుకోండి: ఆటగాడు దీన్ని చేతిలోకి తీసుకోవాలా? అక్కర్లేదంటే ఆబ్జెక్ట్ విండోలో స్టాటిక్ కింద ఉన్నదాన్ని ఎంచుకోండి. అది గోడలాగే కదలదు. తీసుకోవాలంటే మామూలు వస్తువునే పెట్టి, ఎఫ్ నొక్కి బల్ల మీదికి దించండి. తర్వాత దాని మీద డబుల్ క్లిక్ చేసి 'డోంట్ హావోక్ సెటిల్' టిక్ పెట్టండి. సన్నటి అల్మారా అంచున ఉన్నవాటికి ఇది చాలదు. వాటికి గేమ్‌తోపాటే వచ్చే డిఫాల్ట్‌డిజేబుల్‌హావోక్‌ఆన్‌లోడ్ అనే స్క్రిప్టు (చిన్న ప్రోగ్రామ్) తగిలించండి.

ఇక నాకు బాగా ఇష్టమైన భాగం. స్కైరిమ్‌లోని వైట్‌రన్ పట్టణంలో బ్రీజ్‌హోమ్ అనే ఇల్లు కొని, యార్ల్ (అక్కడి పాలకుడు) దగ్గరున్న స్టీవర్డ్‌కు డబ్బిచ్చి వంటసామాను తెప్పించుకున్నారు కదా, అదెక్కడ్నుంచి వచ్చింది? ఎక్కడ్నుంచీ రాలేదు. మొదట్నుంచీ ఆ గదిలోనే ఉంది, కాకపోతే డిజేబుల్ చేసి ఉంది. మీరు డబ్బు కట్టగానే స్క్రిప్టు ఒక మార్కర్‌ను (ఆటలో కనబడని గుర్తును) ఎనేబుల్ చేస్తుంది, దాని కింద కట్టి ఉంచిన సామానంతా ఒక్కసారిగా కనబడుతుంది. కుర్చీ ఎక్కడ వేయాలో మీ చేతిలో లేకపోవడానికి కారణం ఇదే. 2012లో ఇల్లు కట్టుకునే హార్త్‌ఫైర్ అనే అదనపు భాగం వచ్చి మీచేతే మేకులు కొట్టించినా, మంచం చోటు ముందే ఖాయమై ఉంటుంది. స్కైరిమ్ తీసినవాళ్లదే 2015 నాటి ఫాల్అవుట్ 4 గేమ్‌లో ఆ స్వేచ్ఛ వచ్చింది గానీ, బదులుగా ఎంత కట్టవచ్చో చూపే పట్టీ ఒకటి నెత్తిన కూర్చుంది. నన్నడిగితే, కొత్తగా నేర్చుకునేవాళ్లకు మార్కర్ పద్ధతే మేలు. ప్రతి వస్తువూ మీరు చూసి పెట్టిన చోటే ఉంటుంది.

మీ ఇంట్లో అదే చేద్దాం. ఎక్స్‌మార్కర్ అనే మార్కర్ ఒకటి గది మధ్యలో పెట్టి, 'ఇనీషియల్లీ డిజేబుల్డ్' టిక్ చేయండి. వంటసామాను ఒక్కొక్కటీ తెరిచి, ఎనేబుల్ పేరెంట్ ట్యాబ్‌లో ఆ మార్కర్‌ను చూపించండి. కొనకముందు కనబడాల్సిన బూజు, పగిలిన పెట్టెలు కూడా అదే మార్కర్‌కు కట్టండి, కానీ వాటికి పేరెంట్‌కు వ్యతిరేక స్థితి అనే టిక్ పెట్టాలి. సామాను వచ్చిన క్షణమే బూజు మాయమవుతుంది. హార్త్‌ఫైర్ తర్వాత బ్రీజ్‌హోమ్‌లో రసవాద గది తీసేసి అక్కడే పిల్లల గది వేయించుకోవచ్చు. దాన్ని ఈ కళ్లతో ఒకసారి చూడండి: ఒకే చోట రెండు గదుల సామాను, ఒకటి కనబడితే రెండోది దాక్కుంటుంది.

పరీక్షించేటప్పుడు ఒక జాగ్రత్త. ఇంతకుముందు ఆ ఇంట్లోకి వెళ్లిన సేవ్ వాడొద్దు. కదిలిన వస్తువుల చోటును సేవ్ గుర్తుపెట్టుకుంటుంది, మీరు కిట్‌లో సరిచేసింది కనబడదు. మెయిన్ మెనూలో కన్సోల్ (ఆదేశాలు టైప్ చేసే పెట్టె) తెరిచి, నేరుగా సెల్‌లోకి తీసుకెళ్లే సీఓసీ ఆదేశం కొట్టి పక్కన మీ సెల్ పేరు ఇవ్వండి. లోపలికీ బయటికీ కొన్నిసార్లు తిరిగి, ఏది పక్కకు జరిగిందో రాసుకోండి. ఆ వస్తువులను మాత్రం కిట్‌లో కాస్త పైకెత్తి, మళ్లీ ఎఫ్ నొక్కి దించండి.

వచ్చే పాఠంలో పుస్తకాల అల్మారా, ఆయుధాల స్టాండు.