ఒకే మలుపు దగ్గర మొరాయించే మ్యూజియం నమూనా రైలు: సమస్య - పరిష్కారం

ఫిర్యాదు ఎప్పుడూ ఇంచుమించు ఇదే మాటల్లో వస్తుంది: "ఇటువైపు బాగానే పరుగెడుతోంది, అవతలి మలుపు చేరేసరికి నెమ్మదించి ఆగిపోతోంది, నిన్న మాత్రం బాగానే ఉంది." బ్లాక్ సిగ్నలింగ్ (దారిని భాగాలుగా విడదీసి, ఒక్కో భాగంలోకి ఒకసారికి ఒకే రైలును వదిలే పద్ధతి) నేర్పడానికి పెట్టిన నమూనా ఎర్ర దీపం లేనిచోట ఆగిపోతే పిల్లలకు తప్పుడు పాఠం అందుతుంది. కాబట్టి దీన్ని చిన్న లోపమని వదిలేయకూడదు.

మొదట చక్రాలు చూడండి. పట్టాల్లోని విద్యుత్తు ఇంజన్‌కు అందేది వాటి ద్వారానే. పట్టాలను తుడిచి చక్రాలను వదిలేసేవారే ఎక్కువ. షికాగోలోని సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియంలోనూ, హాంబర్గ్‌లోని మినియేచర్ వండర్‌లాండ్‌లోనూ ఉన్నవాటి లాగే మన నమూనాలు కూడా చాలావరకు హెచ్‌ఓ కొలతవే, అంటే అసలు రైలులో 87వ వంతు. రోజంతా తిరిగే అంత చిన్న చక్రానికి నల్లని మకిలి పట్టడానికి ఎంతోసేపు పట్టదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో రెండింటినీ తుడవండి. గరుకు కాగితం జోలికి పోవద్దు. అది చేసే గీతల్లోనే మళ్లీ మకిలి చేరుతుంది.

తరువాత ఇంజన్ మార్చి చూడండి. ఒకే ఇంజన్ అన్నిచోట్లా తడబడితే లోపం ఇంజన్‌ది. ఏ ఇంజన్ పెట్టినా ఒకేచోట తడబడితే లోపం దారిది. మీట నొక్కిన ప్రతిసారీ అంతే సమయం తరువాత, ఎక్కడ ఉంటే అక్కడ ఆగుతుంటే అది టైమర్ పని. దాని అమరిక సరిచూస్తే చాలు.

లోపం దారిదని తేలినప్పుడు అసలు దొంగ దొరికేది పట్టాల అతుకుల్లోనే. రెండు పట్టాల చివరలను కలిపే చిన్న రేకు జాయినర్ వాటిని వరుసలో నిలపడానికి ఉద్దేశించినది. విద్యుత్తును మోసే బాధ్యత కూడా దానిపైనే వేయడం వల్ల ఈ చిక్కు వస్తుంది. నికెల్ సిల్వర్ (రాగి, నికెల్, జింకు కలిసిన మిశ్రమలోహం) పట్టాలు 10 మీటర్ల పొడవున ఉంటే, ఉష్ణోగ్రత 10 డిగ్రీలు మారినప్పుడు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు సాగుతాయి లేదా కుంచించుకుంటాయి. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేసే గదిలో ఆ కదలిక రోజూ జరిగి జాయినర్ పట్టు వదులవుతుంది. కంకర అతికించడానికి పోసిన నీళ్ల జిగురు అందులోకి దిగి ఉంటే పరిస్థితి ఇంకా చెడుతుంది.

దీన్ని పట్టుకోవడం కష్టం కావడానికి కారణం మల్టీమీటరే. రైలు లేనప్పుడు కొలిస్తే అవతలి మలుపులో కూడా 12 వోల్టులు చూపుతుంది. మీటరు తీసుకునే కరెంటు అత్యల్పం కాబట్టి చెడిన అతుకు దగ్గర వోల్టేజీ పడిపోదు. అది చూసి దారి బాగుందని తేల్చి, ఏ పాపమూ ఎరుగని ఇంజన్‌ను విప్పేస్తారు. కారులో వాడే 12 వోల్టుల, 5 వాట్ల బల్బును అనుమానమున్న చోట రెండు పట్టాలకు కలిపి, అది వెలుగుతుండగా కొలవండి. అతుకు నిరోధం 5 ఓములుంటే, 0.4 ఆంపియర్ల దగ్గర 2 వోల్టులు అక్కడే పోతాయి. కంట్రోలర్ నుంచి ఒక్కొక్క అతుకూ దాటుతూ వెళితే, వోల్టేజీ ఒక్కసారిగా పడిపోయేది ఎక్కడో తెలుస్తుంది. (పదో తరగతి పిల్లలు వచ్చిన రోజున ఈ పరీక్షను వారి ముందే చేయండి; ఓమ్ నియమానికి ఇంతకంటే మంచి ప్రదర్శన నాకు తెలియదు.)

వేగం పెంచి సర్దుకుందామనుకోవద్దు. వోల్టేజీ పూర్తిగా అందే, కంట్రోలర్‌కు దగ్గరి మలుపులో బండి పట్టాలు తప్పుతుంది. అతుకులన్నిటికీ టంకం వేయడం కూడా పొరపాటే, సాగడానికి చోటు లేక పట్టాలు వంగుతాయి. బల్ల కింద 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలు రెండు ప్రధాన లైన్లుగా లాగి, ప్రతి పట్టా ముక్కకూ సన్నని తీగను బయటి అంచున టంకంతో అతికి వాటికి కలపండి. అప్పుడు జాయినర్ పని వరుసను నిలపడం వరకే పరిమితమవుతుంది. డీసీసీ పద్ధతిలో (పట్టాల ద్వారానే ఒక్కో ఇంజన్‌కు విడిగా డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి) నడిచే నమూనా అయితే, ఈ పని ముగిశాక చివరి మలుపులో ఒక నాణెంతో రెండు పట్టాలనూ క్షణం పాటు కలిపి చూడండి. పట్టాలకు కరెంటు అందించే బూస్టర్ వెంటనే ఆగకపోతే ఇంకెక్కడో నిరోధం మిగిలే ఉంది.

మోటారు బ్రష్‌లు అరగడం, పళ్లచక్రం చిట్లడం, కంట్రోలర్ కాలిపోవడం కూడా ఉంటాయి, కాని ఒకే మలుపు దగ్గర ఆగడానికి అవి కారణం కావు.