మక్క ఆకు రంగు చూసి యూరియా వేసే ముందు

మాది నర్సంపేట దిక్కు. యాసంగిలో రెండు హైబ్రిడ్ రకాల మక్క పెట్టాను. మోకాలెత్తు పైరులో ఒకటి లేతగా కనిపించేసరికి టెన్షన్‌తో బస్తా యూరియా అదనంగా వేశాను. 45 కిలోల బస్తా, అందులో 20 కిలోలకు పైనే నత్రజని, అంతా దండగ! ఆ రకం పుట్టుకే లేత రంగు.

ఇప్పుడు ప్రతి రకంలోనూ నాలుగు సాళ్లకు మొదట్నుంచే నత్రజని దండిగా వేసి, గుర్తుకు కర్ర పాతుతాను. ఆకు పచ్చదనాన్ని కొలిచే క్లోరోఫిల్ మీటర్‌ను పూర్తిగా విచ్చుకున్న పై ఆకు మధ్యలో, ఈనె తప్పించి పెట్టాలి. ఇరవై మొక్కలైనా చూడాలి. అదే రకం గుర్తు సాళ్లతో పోల్చితే రీడింగ్ 95 శాతం కన్నా తగ్గిందా, అప్పుడే యూరియా.

పైరు పచ్చదనాన్ని పైనుంచి చూసి కొలిచే సెన్సర్‌తో ఇంకో తిరకాసు: ఆకులు నిటారుగా నిలిచే రకంలో మధ్యలో నేల ఎక్కువ కనబడి రీడింగ్ పడిపోతుంది. నీళ్లు చాలక ఆకు చుట్టుకున్నప్పుడు అసలు చూడొద్దు.