టిప్పు సిపాయి బొమ్మకు రంగులు వేయడం ఎలా?

1791 మార్చి 21 రాత్రి బ్రిటిష్ గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ సేన బెంగళూరు కోటలోకి చొరబడిన చోటును తెలిపే ఫలకం కె.ఆర్. మార్కెట్ దగ్గర మిగిలిన కోటగోడపై నేటికీ ఉంది. ఆ ముట్టడిని బల్లమీద యుద్ధక్రీడగా ఆడదలచుకున్నవారు ముందుగా కోటకు కాపలా కాసిన టిప్పు సుల్తాన్ మైసూరు పదాతి సైనికుడి చిన్న బొమ్మకు రంగులు వేయడం నేర్చుకోవాలని నా అభిప్రాయం. ఊదారంగు అంగీపై తెల్లని పులిమచ్చలు వేయడం చేతనైతే, మనవాళ్లు ఎందరో పనిచేసిన, ఈస్టిండియా కంపెనీవారి మద్రాసు సైన్యపు ఎర్రకోటు పెద్ద కష్టం కాదు.

28 మిల్లీమీటర్ల లోహపు బొమ్మను గిన్నెల సబ్బు కలిపిన నీటిలో పాత టూత్‌బ్రష్‌తో కడిగి, ఆరాక అచ్చు అతుకుల గీతలను చిన్న కత్తితో గీకివేయాలి. తరువాత దానిని సీసామూతపై అంటిస్తే, రంగు వేసేటప్పుడు బొమ్మను తాకనవసరం ఉండదు.

ప్రైమర్, అంటే రంగు పట్టుకునేందుకు ముందుగా వేసే పూత, లేకపోతే అక్రిలిక్ రంగు లోహంపై నిలవదు. వానాకాలపు తేమలో స్ప్రే ప్రైమర్ గరుకుగా గడ్డకట్టే ప్రమాదం ఉంది కాబట్టి పొడి ఎండ ఉన్న పూట ఎంచుకోవాలి, లేదా కుంచెతో వేసే బూడిదరంగు ప్రైమర్ వాడాలి.

రంగులను పలచని మజ్జిగలా నీటితో కలిపి, ఒక మందపు పూతకు బదులు రెండు పలుచని పూతలు వేయాలి. ముఖానికి, చేతులకు గోధుమరంగులో కొద్దిగా ఎరుపు కలిపితే సరిపోతుంది. సీసాలపై చర్మపు రంగు అని రాసి అమ్మేవి చాలావరకు మన సైనికులకు నప్పవు. తలపాగాకు ఎరుపు వేసేముందు ఇటుకరంగు పూత వేస్తే, బూడిదరంగు ప్రైమర్ పైకి కనబడదు. అంగీకి ఊదారంగు వేసి, ఆరాక ముదురు వాష్‌ను, అంటే బాగా పలచన చేసిన రంగునీటిని, మడతల్లోకి దించి, మళ్లీ ఉబ్బెత్తు భాగాలపై అదే ఊదాను తేలికగా తాకించాలి. ఈ పనంతా మచ్చలకు ముందే పూర్తికావాలి, ఎందుకంటే వాష్ తగిలితే తెలుపు మురికిగా మారుతుంది.

మచ్చలకు అతి సన్నని కుంచె కంటే మొన చెడని ఒకటో నంబరు కుంచె మేలు. మరీ చిన్న కుంచెలో రంగు మొన దగ్గరే ఎండిపోతుంది. ఛాతీ మధ్య నుంచి మొదలుపెట్టి, రెండు చిన్న గీతలు కలిసి సన్నని వజ్రాకారం వచ్చేలా వేసి, కింది వరుసను పై వరుస ఖాళీలకు ఎదురుగా అమర్చాలి. మడత దగ్గర మచ్చను వంచాలి, లేకపోతే గుడ్డపై కాకుండా గాలిలో తేలుతున్నట్టు కనిపిస్తుంది. ముందు బూడిద కలిసిన తెలుపు వేసి, భుజాలపై మాత్రమే స్వచ్ఛమైన తెలుపు చేర్చాలి. మచ్చ లావైతే పక్కనుంచి ఊదాతో కోసివేయవచ్చు. మచ్చలను బొమ్మ నిష్పత్తికి సరిపడే అసలు కొలతల్లో వేస్తే బల్ల దగ్గర నిలబడి చూసేవారికి అవి కలిసిపోతాయి, అందుకే కొంచెం పెద్దవిగా, తక్కువగా వేయడమే సరి.

తుపాకీ కర్రకు గోధుమ, గొట్టానికి ఉక్కురంగు, చెప్పులకు తోలురంగు త్వరగా ముగుస్తాయి. ఐదారు బొమ్మలను కలిపి, ఒక్కో రంగును అన్నింటికీ ఒకేసారి వేస్తే దళం ఒకేలా వస్తుంది.

చివరగా బొమ్మ కాళ్ల కింది ఆధారంపై ఫెవికాల్ పూసి ఇసుక చల్లి, బెంగళూరు ఎర్రమట్టి రంగు వేయాలి. బొమ్మలు ఆటలో చేతులు మారుతాయి కాబట్టి, ముందు మెరిసే వార్నిష్, అది పూర్తిగా ఆరాక మెరుపు తగ్గించే మాట్ వార్నిష్ వేసి, మరునాటి వరకు ముట్టకుండా ఉంచాలి.