పీపా చెక్కతో ఊగుడు కుర్చీ: రంపం పట్టేముందు

ముందు పీపాను వాసన చూడండి. విస్కీ, వైన్ నిల్వ చేసిన ఓక్ పీపా అయితే పర్లేదు. పురుగుమందో, ఇంకేదన్న రసాయనమో పోసిందైతే ఉత్తగ ఇచ్చినా తెచ్చుకోవద్దు.

ఇనుప పట్టీలు ఊడదీసేటప్పుడు తొందర పనికిరాదు. పీపాలో చెక్కకూ చెక్కకూ మధ్య జిగురుండదు, పట్టీల బిగువే ఆధారం. పట్టీలన్నీ ఒక్కసారే తీసేస్తే చెక్కలన్నీ కాళ్ల మీద పడతాయి, ఏది ఎక్కడిదో తెలీదు. అందుకే ముందే చాక్‌పీసుతో వరుసగా నంబర్లు వేసుకోండి. పట్టీ అంచు కోస్తుంది, తోలు గ్లౌజులు ఉండాలి.

విస్కీ పీపా లోపలంతా కాల్చి నల్లగా ఉంటుంది. ఆ మసి గీకేటప్పుడు మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి. గాలివాటం కూడా చూసుకోండి. నేను వాకిట్ల గీకితే దండెం మీది బట్టలన్నీ నల్లబడ్డయి, ఇంట్ల మూడు దినాలు మాటల్లేవు.

నల్లగొండ ఎండల చెక్కలు ఆరబెట్టొద్దు, పగుళ్లిస్తాయి. నీడలో, మధ్యన పుల్లలు పెట్టి పేర్చండి.

ఓక్ చెక్కలో ఉండే టానిన్ అనే వగరు పదార్థానికి ఇనుము తగిలితే నల్లమరకలు పడతాయి. స్టెయిన్‌లెస్ స్టీలు లేదా ఇత్తడి స్క్రూలే కొనండి.

ఇక కింది ఊగుడు పట్టెలు. పీపా చెక్క మందం అంగుళం అటూఇటూ, మనిషి బరువుకు ఒక్కటి చాలదు. రెండేసి అతికించండి. ఒకే వంపున్నవి ఏరి, షాబాద్ బండల మీద పక్కపక్కన ఊపి చూడండి. వెనక కొస పొడుగ్గా ఉంచకపోతే కుర్చీ వెల్లకిలా పడుతుంది.