గోల్కొండ సుల్తానుల వరసను వెనక నుంచి చదవండి

కుతుబ్‌షాహీలు అనగానే గ్రూప్-2కి చదివే పిల్లలకు టెన్షన్. అన్నీ ఒకేలాంటి పేర్లు మరి. విజయవాడలో నా దగ్గరికి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: ముందు సంవత్సరాలు పక్కన పెట్టండి. ఒక్కొక్కరికి గద్దె ఎలా దక్కిందో అడుగుతూ, చివరివాడి నుంచి వెనక్కి వెళ్లండి.

చివరివాడు అబుల్ హసన్ తానాషా. అక్కన్న మాదన్నలు పనిచేసింది ఈయన కొలువులోనే. ఇంద్రకీలాద్రి కింద వాళ్ల పేరుతో ఉన్న గుహలు మాత్రం వాళ్లు తొలిపించినవి కావు, అంతకు వెయ్యేళ్ల ముందువి. చాలామంది ఇక్కడే పొరబడతారు. తానాషాకు గద్దె ఎలా వచ్చింది? పిల్లనిచ్చిన మామ అబ్దుల్లాకు కొడుకులు లేరు.

అబ్దుల్లా దగ్గర కాస్త ఆగండి. కాగితం మధ్యలో ఆయన తల్లి హయాత్ బక్షీ బేగం పేరు రాసి సున్నా చుట్టండి. పైన ఆమె తండ్రి మహమ్మద్ కులీ, 1591లో హైదరాబాద్ కట్టించినవాడు. పక్కన భర్త మహమ్మద్ కుతుబ్‌షా, ఆ మహమ్మద్ కులీకే సోదరుడి కొడుకు, మక్కా మసీదు పని మొదలుపెట్టించినవాడు. కింద కొడుకు అబ్దుల్లా. ఈ ఒక్కావిడ పేరుతో ముగ్గురు సుల్తానులు వరసలో పడతారు. జాబితాల్లో ఆవిడ పేరే లేకపోవడం నాకు బాధగా ఉంటుంది.

మహమ్మద్ కులీ తండ్రి ఇబ్రహీం. మన కవులు మల్కిభరాముడని పొగిడింది ఈయన్నే. అన్న జంషీద్‌కు భయపడి విజయనగరం పారిపోయి, ఏడేళ్లు అళియ రామరాయల నీడన బతికాడు. ఆ రామరాయల మీదికే 1565లో మిగతా సుల్తానులతో కలిసి తళ్లికోట యుద్ధానికి వెళ్లాడు. ఈ రెండూ కలిపి చదివితే ఇబ్రహీంను ఇక మరిచిపోరు.

ఇబ్రహీంకు ముందు జంషీద్ కొడుకు సుభాన్, పసివాడు. అతనిది కొన్ని నెలల ముచ్చటే కాబట్టి కొన్ని పుస్తకాలు ఏడుగురంటాయి, కొన్ని ఎనిమిది మందంటాయి. ఆప్షన్లు చూసి జవాబు పెట్టండి. సుభాన్‌కు ముందు ఏలింది అతని తండ్రి జంషీద్. అందరికన్నా మొదటివాడు సుల్తాన్ కులీ. ఆయన హత్య వెనక ఉన్నది కొడుకు జంషీదే.

ఇప్పుడు ముందు నుంచి సంవత్సరాలు వేయండి: 1518, 1543, 1550, 1580, 1612, 1626, 1672, 1687. 1550 దగ్గర సుభాన్, ఇబ్రహీం ఇద్దరినీ రాయాలి. 1687 దగ్గర కొత్త సుల్తాను ఎవరూ ఉండరు, అది ఔరంగజేబు గోల్కొండ కోటను పట్టుకున్న ఏడాది.