గుడి గోడ మీద అన్నదమ్ములు: ఎవరు ఎవరో తేల్చుకోవడం ఎలా

రాతి మీద రాముడికీ లక్ష్మణుడికీ ముఖాల్లో తేడా ఉండదు. శిల్పి అలా చెక్కలేక కాదు, చెక్కాలనుకోలేదు. దేవుడి ముఖానికి కొలతలున్నాయి, పోలికలు లేవు. అందుకే ముఖం చూసి పేరు చెప్పేవాళ్లు సగంసార్లు పొరబడతారు. పక్కన ఎవరున్నారు, చేతులు ఏ తీరులో ఉన్నాయి, ఎవరు ఎంత ఎత్తున్నారు అన్నవి ఈ వరుసలోనే చూడండి. కిరీటం, రంగు ఆ తర్వాతి సంగతి.

వెలుతురు ఏటవాలుగా పడే పొద్దున లేదా సాయంత్రం వెళ్లండి. మిట్టమధ్యాహ్నపు ఎండలో లోతు తక్కువ చెక్కడాలు చదునుగా కనబడతాయి. నీడలో ఉన్న గోడకి చిన్న టార్చి చాలు, దాన్ని ఎదురుగా కాకుండా పక్కనుంచి వేయాలి. గీతలు తేలతాయని నీళ్లు చల్లడం, సుద్ద పూయడం, నూనె రాయడం చేయకండి, రాయి పాడవుతుంది. గోపురం బొమ్మలకి బైనాక్యులర్స్ కావాలి. గర్భగుడిలో ఫొటో తీయనివ్వరు కాబట్టి చూసినది బయటికి రాగానే పుస్తకంలో గీసుకోండి.

గీసేటప్పుడు కుడి, ఎడమ అంటే మనవి కావు, విగ్రహానివి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. ఫోనులో తీసిన సెల్ఫీలు, ఇంటర్నెట్‌లో తిరిగే బొమ్మలు ఒక్కోసారి అద్దంలోలా తిరగబడి ఉంటాయి. విల్లు ఏ చేతిలో ఉందో చూస్తే పట్టుకోవచ్చు. రాముడు మామూలుగా ఎడమచేత్తో విల్లు, కుడిచేత్తో బాణం పట్టుకుంటాడు.

సీతారామలక్ష్మణులు

ముగ్గురు నిలబడి ఉంటే మధ్యలో ఉన్నది రాముడు. సీత కుడివైపున్న గుళ్లూ ఉన్నాయి, ఎడమవైపున్నవీ ఉన్నాయి, కాబట్టి పక్కని బట్టి సీతని కాదు, సీతని బట్టి లక్ష్మణుణ్ని గుర్తుపట్టాలి: ఆమెకి అవతలి పక్క ఉన్నది అతడే. ఎత్తు కూడా సాయపడుతుంది. శిల్పుల లెక్కలో తమ్ముడి తల అన్న చెవి దగ్గరో భుజం దగ్గరో ఆగాలి. హనుమంతుడు ఇంకా పొట్టి, రాముడి ఛాతీ దాటడు.

పంచలోహపు ఉత్సవమూర్తుల దగ్గర ఇంకో చిక్కుంది. విల్లు, బాణం విడిగా చేసి అలంకారంలో తగిలిస్తారు. మ్యూజియం గాజుపెట్టెలో అవి ఉండవు. పైకెత్తిన ఎడమచేయి వేళ్లు ఏదో పట్టుకున్నట్టు మడిచి ఉండి, కుడిచేయి నడుము దగ్గర అలాగే ఖాళీగా గుప్పిట పట్టి ఉంటే, అక్కడ విల్లు, బాణం ఉండేవన్నమాట. వేళ్ల మధ్య సందు చూడండి, కడ్డీ దూరేంత బోలు కనబడుతుంది. ఇలాంటివి రెండు ఒకే జట్టులో ఉంటే, పొడవైనది రాముడు.

భద్రాచలంలో ఈ లెక్క పనిచేయదు. అక్కడ మూలవిరాట్టు నాలుగు చేతుల వైకుంఠరాముడు. సీత ఎడమ తొడ మీద కూర్చుని ఉంటుంది, లక్ష్మణుడూ ఎడమ పక్కనే. శంఖచక్రాలు కూడా తారుమారు, శంఖం కుడిచేతిలో, చక్రం ఎడమచేతిలో. ఒంటిమిట్టలో సీతారామలక్ష్మణులు ఒకే రాతిలో ఉంటారు, గర్భగుడిలో హనుమంతుడు ఉండడు. అక్కడ హనుమ కనబడలేదని ఇది రాముడి గుడి కాదేమో అనుకోనక్కర్లేదు. హనుమ రాముణ్ని కలవకముందు కొలువైన రూపమని స్థలపురాణం.

నలుగురూ ఉన్నప్పుడు

పట్టాభిషేకం పటంలో లక్ష్మణుణ్ని వదిలేస్తే భరతుడు, శత్రుఘ్నుడు మిగులుతారు. గొడుగు పట్టినవాడు భరతుడని చాలామంది అనేస్తారు. చిత్రకారులూ అలాగే వేస్తారు, కానీ వాల్మీకి తెల్లగొడుగు పట్టించింది శత్రుఘ్నుడి చేత. వింజామరలు సుగ్రీవుడివి, విభీషణుడివి. గొడుగుని నమ్మితే ఒక గుళ్లో సరిపోతుంది, ఇంకో గుళ్లో తప్పుతుంది. రంగులేసిన పటంలో మేలైన గుర్తు ఒళ్లు: రామభరతులు నీలం లేదా చామనచాయ, లక్ష్మణ శత్రుఘ్నులు బంగారుఛాయ. పాదుకలు నెత్తిన పెట్టుకున్నది మాత్రం ఎక్కడైనా భరతుడే. కొత్తగా రంగులేసిన సిమెంటు గోపురాల మీద ఈ రంగుల లెక్క నమ్మకండి. పెయింటర్ దగ్గర నీలం మిగిలితే నలుగురూ నీలమే.

కథ చెప్పే ఫలకాలు

హంపి హజారరామాలయం దీనికి మంచి బడి. 15వ శతాబ్దపు గుడి. ప్రధానాలయం గోడల మీద రామాయణం మూడు వరుసల్లో ఉంది, ప్రదక్షిణ దిశలో నడుస్తూ చదవాలి. బయటి ప్రాకారం గోడ మీది ఏనుగులు, గుర్రాలు, నాట్యగత్తెలు ఊరేగింపుకి చెందినవి, వాటిలో రాముణ్ని వెతక్కండి.

ఫలకంలో ఇద్దరు విలుకాళ్లుంటే వెంటనే అన్నదమ్ములని రాసుకోవద్దు. కథ నడపడానికి శిల్పి ఒకే చట్రంలో ఒకే మనిషిని రెండుసార్లు చెక్కుతాడు, ఒకసారి బాణం వేస్తూ, ఒకసారి వెళ్లిపోతూ. ఇద్దరూ ఒకే దిక్కుకి తిరిగి, ఒకరి వెనక ఒకరు ఉంటే అన్నదమ్ములు. వేర్వేరు దిక్కులకి తిరిగి, మధ్యలో చెట్టో స్తంభమో అడ్డుంటే ఒకే రాముడు రెండుసార్లు అయ్యే అవకాశం ఎక్కువ. ముందు ఫలకం, తర్వాతి ఫలకం చూసి ఖాయం చేసుకోండి.

వాలి సుగ్రీవుల దగ్గర రాముడికే ఈ ఇబ్బంది వచ్చింది. మొదటిసారి ఎవరు ఎవరో తెలియక బాణం వేయలేదు. సుగ్రీవుడు దెబ్బలు తిని వచ్చాక, లక్ష్మణుడు గజపుష్పి తీగ తెచ్చి అతని మెడలో వేశాడు. ఫలకంలో కూడా అదే గుర్తు: పెనుగులాడే ఇద్దరు వానరుల్లో దండ ఉన్నవాడు సుగ్రీవుడు. ఎవరి మెడలోనూ దండ లేకపోతే మొదటి పోరు కావచ్చు, లేదా చెక్కడం అరిగి ఉండవచ్చు. చెట్టు చాటున విల్లెక్కుపెట్టినవాడు ఉన్నాడేమో చూడండి.

బలరాముడు

దశావతారాల వరుసలో గొడ్డలి పరశురాముడిది, విల్లు రాముడిది, నాగలి బలరాముడిది. కొస విరిగితే నాగలి గొడ్డలిలా కనబడుతుంది. గొడ్డలి పలక పిడికి అడ్డంగా ఉండి అంచు వంపు తిరుగుతుంది. నాగలిది కొక్కెంలా ముందుకి వంగిన మొన. ఇంకో చేతిలో రోకలి, ఒకే చెవికి కుండలం, తల మీద పాము పడగలు ఉంటే అనుమానం లేదు. పడగలొక్కటే చూసి తేల్చకండి, నాగరాజులకీ ఉంటాయి. శేషుడి అంశే అయినా లక్ష్మణుడికి మామూలుగా పడగలు చెక్కరు.

ఈ గుర్తులు ఎంత పాతవో చెప్పాలంటే, ఆఫ్ఘనిస్తాన్‌లోని ఆయ్ ఖానుమ్‌లో దొరికిన గ్రీకురాజు అగాథోక్లీస్ నాణేల మీద, క్రీస్తుపూర్వం 2వ శతాబ్దంలోనే, ఒకవైపు నాగలి రోకళ్లతో సంకర్షణుడు, అంటే బలరాముడు, ఇంకోవైపు శంఖచక్రాలతో వాసుదేవుడు, అంటే కృష్ణుడు ఉన్నారు. మన దగ్గర పల్నాటి కొండమోటు ఫలకంలో నరసింహుడి ఇరుపక్కలా వృష్ణివీరులు, అంటే బలరామకృష్ణుల వంశపు వీరులు, అయిదుగురు నిలబడి ఉంటారు. హైదరాబాద్ స్టేట్ మ్యూజియంలో చూడవచ్చు.

పూరీ పద్ధతి వేరు, అక్కడ ఆయుధాల పని లేదు. చూసేవాళ్ల ఎడమ నుంచి తెల్లని బలభద్రుడు, పసుపుపచ్చని సుభద్ర, నల్లని జగన్నాథుడు. జగన్నాథుడి కళ్లు గుండ్రన, బలభద్రుడివి కోల. రథాలైతే చక్రాలు లెక్కపెట్టండి: జగన్నాథుడి నందిఘోషకి 16, బలభద్రుడి తాళధ్వజానికి 14, సుభద్ర దర్పదళనానికి 12.

వినాయకుడు, కుమారస్వామి

వినాయకుణ్ని ఎవరూ పొరబడరు, చిక్కంతా తమ్ముడితోనే. నెమలి, బల్లెం, కోడిజెండా ఉంటే సరే. ఆరు ముఖాల కోసం గోడ మీద వెతికితే దొరకవు. ఫలకంలో వెనకవాటికి చోటుండదు, ముందువైపువే చెక్కుతారు. నెమలి బదులు ఏనుగు ఉంటే ఇంద్రుడనుకుంటారు గానీ, తమిళనాడులోని తిరుత్తణిలో సుబ్రహ్మణ్యుడి ఎదుట ఉన్నది ఏనుగే. శివపార్వతుల మధ్య పసివాడు కూర్చుని ఉంటే అది సోమాస్కందం, ఆ పిల్లాడు స్కందుడు. తొండం విరిగిన వినాయకుడని అనుకోవద్దు. ఇక కృష్ణాతీరంలో మోపిదేవికి వెళ్లినవాళ్లు నెమలి మీది స్వామిని వెతికితే లాభం లేదు. అక్కడ సుబ్రహ్మణ్యుడు పాముచుట్టల మీద లింగరూపంలో ఉంటాడు.

ఎవరు పెద్ద అన్న ప్రశ్న శిల్పాన్ని బట్టి తేలదు. మనకి వినాయకుడు అన్న. ఉత్తరాదిలో చాలాచోట్ల కార్తికేయుడే పెద్ద, పైగా బ్రహ్మచారి. అక్కడి బొమ్మలో వల్లీదేవసేనలు లేరని పేరు కొట్టేయకండి.