పరాయి దేశంలో అద్దెకుంటున్నారా? ఇంటి భద్రత ఇలా చూసుకోండి

దొంగల భయం ఏ దేశంలోనైనా స్థానికులకూ ఉంటుంది. కానీ కొత్తగా వచ్చినవాళ్లకు ఇంకో చిక్కుంది. ఆ వీధిలో ఏది మామూలో, ఏది తేడానో తెలియదు. తలుపు కొట్టిన యూనిఫాం మనిషి నిజంగా పోలీసేనా అన్నది చూడగానే పోల్చుకోలేరు. పైగా పాస్‌పోర్టు, వీసా కాగితాలు, అవసరానికని దాచిన డబ్బు అన్నీ ఒకే బీరువాలో ఉంటాయి. టీవీ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. ఆ కాగితాలు పోతే అక్కడ ఉండే హక్కునే మళ్లీ రుజువు చేసుకోవాలి. అందుకే ఈ వరసలో కెమెరాలను బాగా వెనక్కి నెట్టాను.

1. సంతకానికి ముందు

ఇల్లు పగలొకసారి, చీకటి పడ్డాక ఒకసారి చూడండి. మెట్ల దగ్గర లైటు వెలుగుతోందా, కింది గేటు తనంతట తాను మూసుకుంటోందా అన్నవి రాత్రి వెళితేనే తెలుస్తాయి. గ్రౌండ్ ఫ్లోర్ అయితే కిటికీలను పట్టి కదిపి చూడండి. అలాగని మరీ పై అంతస్తు కూడా మంచిది కాదు. అగ్నిమాపక వాహనాల నిచ్చెనలు చాలావరకు 30 మీటర్ల దగ్గరే ఆగిపోతాయి. కిటికీలకు గ్రిల్ ఉంటే, లోపలి నుంచి తెరుచుకునేది పడకగదిలో ఒక్కటైనా ఉండాలి. లేకపోతే మంటలొచ్చిన రోజు ఆ గ్రిల్లే మిమ్మల్ని లోపల బంధిస్తుంది.

2. తాళం

మీకంటే ముందు ఉన్నవాళ్ల దగ్గర, వాళ్ల పనిమనిషి దగ్గర ఎన్ని డూప్లికేట్ తాళంచెవులు ఉన్నాయో ఓనర్‌కి కూడా తెలియదు. కాబట్టి తాళం మార్పించమని అడగండి. అడగడం, ఒప్పుకోవడం రెండూ ఈమెయిల్‌లో ఉండాలి. చెప్పకుండా మార్చేస్తే ఖాళీ చేసే రోజు డిపాజిట్ దగ్గర పేచీ వస్తుంది.

యూరప్‌లో చాలా తలుపులకు తాళంచెవి దూర్చే భాగం పొడవాటి సిలిండర్‌లా ఉంటుంది. బయటి వైపు నుంచి దాని మీద వేలు పెట్టి చూడండి. చుట్టూ ఉన్న రేకు కంటే 3 మిల్లీమీటర్లకు మించి ముందుకు పొడుచుకొచ్చిందంటే, పట్టకారుతో పట్టి విరిచేయడం తేలిక. సరైన కొలతది వేయించాలి. విరిగినా తలుపు తెరుచుకోని రకాలు కూడా దొరుకుతాయి. చెక్క తలుపైతే బోల్టు వెళ్లి దూరే ద్వారబంధం రేకు చూడండి. ఒక స్క్రూ విప్పితే విషయం బయటపడుతుంది. అది వేలి గోరంత ఉంటే, తాళం ఎంత ఖరీదైనదైనా ఒక్క తన్నుకు ఊడొస్తుంది. 3 అంగుళాల స్క్రూలు వేయిస్తే అవి లోపలి దుంగను పట్టుకుంటాయి. ఖర్చు చాలా తక్కువ, ఫలితం మాత్రం కనిపిస్తుంది.

3. కాగితాలు, నగలు

పాస్‌పోర్టు, వీసా, అద్దె అగ్రిమెంట్ స్కాన్ చేసి పాస్‌వర్డ్ ఉన్న చోట దాచుకోండి. జిరాక్స్ కాపీలు ఒరిజినల్స్ పక్కనే పెడితే లాభం లేదు. ఆఫీసులోనో, నమ్మకమైన స్నేహితుల దగ్గరో ఉంచాలి. మీ దేశపు ఎంబసీకి నమోదు పద్ధతి ఉంటే వెళ్లిన వెంటనే పేరు ఇవ్వండి. పాస్‌పోర్టు పోతే ముందు పోలీసు ఫిర్యాదు, ఆ కాపీతో ఎంబసీకి. నగలకు బ్యాంకు లాకర్ మేలు. ఇంట్లో సేఫ్ పెడితే నేలకు బోల్టులతో బిగించాలి, లేకపోతే సేఫ్‌తో సహా పట్టుకుపోతారు.

4. నోటికి రావాల్సిన నంబరు

అమెరికా, కెనడాల్లో 911, యూరోపియన్ యూనియన్ దేశాల్లో 112, బ్రిటన్‌లో 999, ఆస్ట్రేలియాలో 000. జపాన్‌లో పోలీసులకు 110, మంటలకూ అంబులెన్స్‌కూ 119. నంబరు తెలిసినా టెన్షన్‌లో అడ్రస్ నోటికి రాదు. స్థానిక భాషలో అడ్రస్ రాసి తలుపు వెనక అంటించండి. "ఇంట్లోకి ఎవరో వచ్చారు" అనే ఒక్క వాక్యం ఆ భాషలో పిల్లలతో సహా అందరూ బట్టీ పట్టండి.

5. తలుపు దగ్గర, ఫోన్లో

ఎవరొచ్చినా గొలుసు తీయకుండానే మాట్లాడండి. గుర్తింపు కార్డు అడిగితే అసలు పోలీసు తప్పు పట్టడు. అనుమానముంటే ఆయన ఇచ్చిన నంబరుకు కాకుండా, మీరే వెతికిన నంబరుకు ఫోన్ చేయండి. "ఇమ్మిగ్రేషన్ నుంచి మాట్లాడుతున్నాం, ఇప్పుడే కట్టకపోతే వీసా రద్దు" అని బెదిరించే కాల్స్ కొత్తవాళ్లనే వెతుక్కుంటూ వస్తాయి. ఏ ప్రభుత్వ ఆఫీసూ గిఫ్ట్ కార్డుల్లో డబ్బు కట్టమనదు. ఫోన్ పెట్టేయండి.

6. చట్టం ఒప్పుకునేదే కొనండి

బ్రిటన్‌లో పెప్పర్ స్ప్రే దగ్గర ఉంచుకోవడమే ఆయుధాల చట్టం కింద నేరం. కేసు పడితే వీసా మీదికి రావచ్చు. కెమెరాదీ అదే వరస. చెక్ రిపబ్లిక్‌లో ఒకాయన తన కిటికీలు పగలగొట్టిన వాళ్లను పట్టించడానికి కెమెరా పెడితే, అది ఎదురుగా ఉన్న దారినీ చూపిస్తోందని కేసు యూరోపియన్ కోర్ట్ ఆఫ్ జస్టిస్ దాకా వెళ్లింది. అలాంటి కెమెరా పూర్తిగా సొంత వ్యవహారం కాదని 2014లో తీర్పు వచ్చింది. కెమెరాను మీ గడపకే పరిమితం చేయండి. డబ్బాతో వచ్చిన పాస్‌వర్డ్ మార్చకపోతే మీ హాలు ఇంకెవరో చూస్తుంటారు.

7. సెలవులకు స్వదేశం వెళ్లేటప్పుడు

ఓనర్ ఇన్సూరెన్స్ గోడలకే, మీ సామాన్లకు కాదు. మీ పాలసీ మీరు తీసుకోవాలి. ప్రతి వస్తువుకూ ఫోటో, బిల్లు, సీరియల్ నంబరు ఉంచుకోండి. అమెరికాలో చాలా పాలసీలు నగల దొంగతనానికి 1,500 డాలర్ల వరకే ఇస్తాయి. ఎక్కువ కావాలంటే విడిగా రాయించాలి. ఇంకో మెలిక చాలామంది చదవరు. ఇల్లు వరసగా 30 లేదా 60 రోజులు ఖాళీగా ఉంటే కొన్ని పాలసీలు దొంగతనాన్ని కవర్ చేయవు. నెలన్నర సెలవు పెట్టేవాళ్లు టికెట్ కొనే ముందే ఈ నిబంధన చూసుకోవాలి. పోస్ట్‌బాక్స్ ఖాళీ చేయడానికి పక్కింటివాళ్లను అడగండి, లైట్లకు టైమర్ పెట్టండి, ఎయిర్‌పోర్టు ఫోటోలు తిరిగొచ్చాక పెట్టుకోండి.